అణువును తూచే విద్య: మాస్ స్పెక్ట్రోమెట్రీ

మిర్చి ఘాటుకూ ఒక బరువుంది: 305 డాల్టన్లు. గుంటూరు యార్డులో టిక్కీల లెక్కన అమ్ముడుపోయే ఎండుమిర్చికి మంట పుట్టించే ముఖ్య పదార్థం కాప్సైసిన్. దాని ఒక్క అణువు బరువే ఈ 305. డాల్టన్ అంటే కార్బన్-12 పరమాణువు బరువులో పన్నెండో వంతు. గ్రాముల్లో రాయాలంటే సున్నా వేసి, చుక్క పెట్టి, ఆపైన మరో 23 సున్నాలు వేసి, వాటి పక్కన 166 రాయాలి. బంగారం కొట్లో త్రాసు సంగతి అటుంచి, ఊపిరి తగిలితే వణికే ప్రయోగశాల త్రాసుకు కూడా ఇది అందదు. అయినా హైదరాబాద్‌లో ఏదో ఒక ల్యాబ్‌లో మిర్చి సారాన్ని చుక్కలో పదో వంతు యంత్రంలోకి పంపితే, పది నిమిషాలు తిరిగేలోపు ఆ బరువు నాలుగు దశాంశ స్థానాలతో తెర మీదకు వస్తుంది.

ఆ యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్. దాని విద్య మాస్ స్పెక్ట్రోమెట్రీ. ల్యాబుల్లో పనిచేసేవారికి అది వట్టి ‘మాస్’. ‘శాంపిల్ మాస్‌కి ఇచ్చావా?’ అన్న ప్రశ్న మందుల పరిశోధనశాలల్లో రోజూ వినపడేదే.

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం చూసినవారికి దీని మూలసూత్రం సగం తెలిసినట్టే. చేటలోంచి జారే గింజకూ పొట్టుకూ ఒకే గాలి తగులుతుంది. బరువైన గింజ దగ్గర పడుతుంది, తేలికైన పొట్టు దూరం కొట్టుకుపోతుంది. ఎక్కడ పడిందో చూసి ఏది ఎంత బరువో చెప్పవచ్చు. ఈ యంత్రంలో గాలి పనిని విద్యుత్ క్షేత్రమో, అయస్కాంత క్షేత్రమో చేస్తుంది. కాకపోతే ఆ క్షేత్రం తోయాలంటే అణువు మీద విద్యుదావేశం ఉండాలి. ఆవేశం లేని అణువు ఎంత బలమైన క్షేత్రంలోనైనా తన దారిన తాను పోతుంది. అందుకే ముందు అణువును అయాన్‌గా మార్చాలి. తర్వాత గాలి లేని చోట పరుగెత్తించి, బరువును బట్టి వేరుచేసి, ఏది ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలి. అయాన్ జనకం, విశ్లేషకం, గ్రాహకం అనే మూడు భాగాలు, వాటిని చుట్టి ఉండే శూన్యం. చేతిలో పట్టుకు తిరిగే పరికరమైనా, గదిని నింపేసే భారీ యంత్రమైనా ఇదే కట్టడం.

ఒక సంగతి మొదటే గుర్తుపెట్టుకోవాలి. యంత్రం చదివేది నేరుగా బరువును కాదు, బరువును ఆవేశాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకెను. 1000 డాల్టన్ల అణువు రెండు ప్రోటాన్లను తగిలించుకుని ఎగిరితే తెర మీద 501 దగ్గర కనిపిస్తుంది. మొదట్లో చిక్కులా తోచిన ఈ భాగహారమే తర్వాత ప్రోటీన్ల పరిశోధనకు వరమైంది.

ఇక శూన్యం. మామూలు గాలిలో ఒక అణువు మరోదానికి గుద్దుకోకుండా సాగే దూరం మిల్లీమీటరులో పదివేల వంతుకన్నా తక్కువ. జాతరలో జనం మధ్య పరుగుపందెం పెట్టినట్టుంటుంది. యంత్రం లోపలి పీడనాన్ని బయటి గాలిలో కోటి వంతుకన్నా తక్కువకు తగ్గిస్తే, అదే అణువు ఎవరికీ తగలకుండా కొన్ని మీటర్లు ఎగురుతుంది. నిమిషానికి వేలాది చుట్లు తిరిగే టర్బో పంపులు రాత్రింబవళ్లు ఆగకుండా ఈ శూన్యాన్ని కాపాడతాయి. ఎక్కడైనా సన్నని లీకు ఉంటే యంత్రమే చెప్పేస్తుంది: 28 దగ్గర నైట్రోజన్, 32 దగ్గర ఆక్సిజన్, సుమారు నాలుగుకు ఒకటి పాళ్లలో తేలతాయి. అంటే బయటి గాలి లోపలికి వస్తోంది. అప్పుడు ఆపరేటర్ ఒక్కో జాయింటు పక్కనా ఆర్గాన్ వాయువును వదులుతూ 40 దగ్గర పీక్, అంటే మొనలాంటి గీత, ఎప్పుడు లేస్తుందా అని తెరను చూస్తాడు. లేచిన చోటే చిల్లు. తనలోని లోపాన్ని తన అంకెలతోనే పట్టిచ్చే యంత్రం ఇది.

ఈ విద్య పుట్టింది కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ప్రయోగశాలలో. అంతకుముందే 1886లో జర్మనీలో యూజెన్ గోల్డ్‌స్టీన్, గాలి తీసేసిన గాజు గొట్టంలో చిల్లుల కాథోడ్ వెనకవైపుకు కొత్త కిరణాలు రావడం చూశాడు. 1898లో విల్‌హెల్మ్ వీన్ వాటిని బలమైన క్షేత్రాలతో వంచి, అవి ధనావేశం ఉన్న కణాలని చూపాడు. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్ ఈ కిరణాలను పట్టుకుని కూర్చున్నాడు. 1912లో నియాన్ వాయువును గొట్టంలోకి పంపితే ఫోటో పలక మీద 20 బరువుకు తగిన వంపుగీత పడింది. దాని పక్కనే 22 దగ్గర ఇంకో మసక గీత.

ఆ మసక గీత రసాయనశాస్త్రాన్ని కుదిపేసింది. ఒక మూలకంలోని పరమాణువులన్నీ ఒకే బరువుంటాయన్నది పరమాణువాదం చెప్పిన డాల్టన్ నాటి నుంచీ ఉన్న నమ్మకం. నియాన్ పరమాణు భారం 20.2 అని పుస్తకాల్లో ఉండేది. 20.2 బరువున్న పరమాణువు మాత్రం ఒక్కటీ లేదు. పదింట తొమ్మిది 20వి, మిగిలినవి దాదాపు అన్నీ 22వి. పుస్తకంలో ఉన్నది సగటు. ఇలా ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులకు ఫ్రెడరిక్ సోడీ 1913లో ఐసోటోపులు అని పేరు పెట్టాడు.

థామ్సన్ సహాయకుడు ఫ్రాన్సిస్ ఆస్టన్ ఆ రెండు నియాన్లనూ విడదీయాలని పంతం పట్టాడు. సన్నని రంధ్రాలున్న మట్టి గొట్టాల గుండా వాయువును మళ్లీ మళ్లీ వడపోశాడు. పాళ్లలో అతి కొద్ది తేడా మాత్రమే వచ్చింది. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి పని ఆగింది. తిరిగొచ్చాక 1919లో అతను కట్టిన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌లో ఒకే బరువున్న అయాన్లు, వేగాలు వేరైనా, పలక మీద ఒకే గీతగా చేరేవి. క్లోరిన్ భారం 35.46 ఎందుకో అప్పుడు తేలింది: 35వి ముప్పాతిక వంతు, 37వి పావు వంతు. ప్రకృతిలో దొరికే 287 ఐసోటోపుల్లో 212 ఆస్టన్ కనిపెట్టినవే. 1922లో రసాయనశాస్త్ర నోబెల్ అతనికి దక్కింది. ఇదే కాలంలో, 1918లో, షికాగోలో ఆర్థర్ డెంప్‌స్టర్ అయస్కాంతంతో అయాన్లను అర్ధవృత్తంగా తిప్పే మరో యంత్రాన్ని చేశాడు. 1935లో యురేనియం-235ను గుర్తించినదీ అతనే.

ఆస్టన్ తూకాల్లో అన్నిటికన్నా గొప్ప ఫలితం ఒక చిన్న తరుగు. నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువును కలిపితే వచ్చేదానికన్నా ఒక హీలియం పరమాణువు బరువు కాస్త తక్కువ. తేడా నూటికి ఒకటి కూడా లేదు. ఆ తరుగు ఎక్కడికి పోయింది? 1920లో ఆర్థర్ ఎడింగ్టన్ ఈ అంకెను పట్టుకుని, సూర్యుడి లోపల హైడ్రోజన్ హీలియంగా మారుతూ ఉంటే, ఆ తరిగిన ద్రవ్యరాశే వెలుగవుతుందని వాదించాడు. కేంబ్రిడ్జ్‌లో ఒక బల్ల మీద చేసిన తూకం సూర్యుడి పొయ్యిలో కట్టె ఏదో చెప్పింది. విజ్ఞానశాస్త్రంలో ఇంత దూరం పోయిన తూకం మరొకటి చూపడం కష్టం.

అదే తూకం ఇంకో వైపుకూ దారితీసింది, దాన్ని దాటేసి పోవడం సరికాదు. 1940లో మిన్నెసోటాలో ఆల్ఫ్రెడ్ నీర్ తన యంత్రంతో కంటికి ఆనని పాటి యురేనియం-235ను వేరుచేసి పంపాడు. నెమ్మదైన న్యూట్రాన్లకు విచ్ఛిన్నమయ్యేది 238 కాదు, 235 అని దానితో రుజువైంది. ఎర్నెస్ట్ లారెన్స్ ఈ సూత్రాన్నే పరిశ్రమ స్థాయికి పెంచాడు. ఓక్‌రిడ్జ్‌లో వందలాది క్యాల్యుట్రాన్లు నిలబెట్టారు. అవి నిజానికి మాస్ స్పెక్ట్రోమీటర్లే. తూచడానికి బదులు ఏరి పోగుచేస్తాయి. యుద్ధంలో రాగికి కరువొచ్చి, అయస్కాంతాల చుట్ల కోసం అమెరికా ఖజానా నుంచి 14 వేల టన్నులకు పైగా వెండిని అప్పు తెచ్చారు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిన బాంబులోని యురేనియం ఈ యంత్రాల్లోంచి వచ్చినదే.

యుద్ధం తర్వాత ఈ విద్య రసాయనశాస్త్రం చేతికి వచ్చింది. మొదట పెట్రోలియం కంపెనీలు అందుకున్నాయి. అప్పటి నుంచీ జరిగిన కథను చూస్తే ఒకటి తేటగా కనిపిస్తుంది. తూచడం ఎన్నడూ అసలు సమస్య కాలేదు. అణువును గాల్లోకి లేపి, దాని మీద ఆవేశం పెట్టడమే సమస్య.

పాత పద్ధతి మొరటుది. పదార్థాన్ని వేడిచేసి ఆవిరి చేసి, దాని మీదికి 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్లను వదులుతారు. దెబ్బకు అణువులోంచి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతుంది, అణువు ధన అయాన్ అవుతుంది. చాలాసార్లు ఆ ఊపుకు ముక్కలవుతుంది కూడా. అయితే ఆ విరగడం ఇష్టం వచ్చినట్టు జరగదు. ఎండుపుల్ల బీటవారిన చోటే విరిగినట్టు, అణువు తన బలహీనమైన బంధం దగ్గరే విడిపోతుంది. కాఫీలోని కెఫీన్‌ను ఇలా కొడితే 194 దగ్గర పూర్తి అణువు, 109 దగ్గర పెద్ద ముక్క, 82, 67, 55 దగ్గర చిన్న ముక్కలు వస్తాయి. ఏ దేశంలో, ఏ ల్యాబ్‌లో కొట్టినా దాదాపు ఇదే వరస. కాబట్టి ఇది వేలిముద్రలా పనికొస్తుంది. లక్షల పదార్థాల ముక్కల వరసలు కంప్యూటర్లో దాచి ఉంటాయి. కొత్త శాంపిల్ వరసను వాటితో పోల్చి చూస్తారు. జీసీ-ఎంఎస్ అని పిలిచే యంత్రాలు ఫోరెన్సిక్ ల్యాబుల్లో చేసేది ఈ పనే.

ఆవిరి కాని అణువుల దగ్గర ఈ పద్ధతి చేతులెత్తేసింది. గుడ్డు తెల్లసొనను వేడిచేస్తే ఆవిరి కాదు, గట్టిపడుతుంది. ప్రోటీన్లన్నిటి తీరూ అంతే. జీవానికి ఆధారమైన అణువులే ఈ త్రాసుకు ఎక్కకుండా మిగిలిపోయాయి. 1980ల్లో ఈ గోడకు రెండు చోట్ల తలుపులు తెరుచుకున్నాయి.

ఒకటి జపాన్‌లో. క్యోటోలోని షిమాద్జు కంపెనీలో కొయిచి తనాకా అనే కుర్ర ఇంజినీరు పెద్ద అణువులను లేజర్‌తో లేపాలని చూస్తున్నాడు. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. అణువు మీద నేరుగా లేజర్ కొడితే అది చెదిరిపోతోంది. వేడిని తాను పీల్చుకుని అణువును మెల్లగా లేపే తోడు పదార్థం కావాలి. 1985లో ఒకరోజు కోబాల్ట్ లోహపు మెత్తని పొడిలో వేరే ద్రవం కలపబోయి పొరపాటున గ్లిసరిన్ పోశాడు. పొడి ఖరీదైనది, పారేయడానికి మనసొప్పలేదు. గ్లిసరిన్ ఎలాగూ శూన్యంలో ఆరిపోతుందని, అది త్వరగా ఆరాలని లేజర్ కొడుతూ, తెర మీద ఏం వస్తుందో చూస్తూ కూర్చున్నాడు. అంతవరకూ ఎవరికీ కనబడని పెద్ద అణువు పీక్ లేచింది. పొరపాటు చాలామందికి జరుగుతుంది. ఆ పొరపాటు మిశ్రమాన్ని పారేయకుండా తెర ముందు కూర్చున్నది తనాకా. దాదాపు అదే కాలంలో జర్మనీలో మైకేల్ కరాస్, ఫ్రాంజ్ హిల్లెన్‌క్యాంప్ సేంద్రియ ఆమ్లాల స్ఫటికాలను తోడు పదార్థంగా వాడి, మాల్డి అనే పద్ధతిని తయారుచేశారు. నేడు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది వారి పద్ధతే.

రెండో తలుపు అమెరికాలోని యేల్‌లో తెరుచుకుంది. 1960ల్లో మాల్కమ్ డోల్ మొదలుపెట్టి వదిలేసిన దారిని జాన్ ఫెన్ పట్టుకున్నాడు. ద్రావణాన్ని సన్నని సూది గుండా పంపుతూ సూదికి మూడు నాలుగు వేల వోల్టులు ఇస్తాడు. సూది కొసన ద్రవం శంఖం ఆకారంలో సాగి, దాని మొన నుంచి ఆవేశం నిండిన తుంపర చిమ్ముతుంది. వేడి నైట్రోజన్ తగిలి తుంపర చుక్కలు ఆరుతాయి, చిన్నబడతాయి. ద్రవం తగ్గుతుంది కానీ ఆవేశం తగ్గదు. ఒకదాన్నొకటి నెట్టుకునే ఆవేశాలకు చోటు చాలక చుక్క పగిలి ఇంకా చిన్న చుక్కలవుతుంది. అలా అలా చివరికి ద్రవమంతా పోయి, ఆవేశం మోసే అణువు ఒక్కటే గాల్లో మిగులుతుంది. ఎక్కడా దెబ్బ లేదు, విరగడం లేదు. దీన్నే ఎలక్ట్రోస్ప్రే అంటారు. 2002 రసాయనశాస్త్ర నోబెల్‌లో ఫెన్, తనాకా ఇద్దరికీ వాటా దక్కింది. అప్పటికి ఫెన్ వయసు 85, తనాకాకు 43.

ఎలక్ట్రోస్ప్రేలో పెద్ద అణువు ఒక్క ఆవేశంతో రాదు, పదీ ఇరవై ప్రోటాన్లను ఒంటి నిండా తగిలించుకుని వస్తుంది. మొదట్లో చెప్పిన భాగహారం ఇక్కడ కలిసొస్తుంది. గుర్రపు గుండె కండరంలోని మయోగ్లోబిన్ బరువు 16,951. అంత బరువును చూడలేని యంత్రంలో కూడా, 20 ప్రోటాన్లతో వచ్చినప్పుడు అది 848.6 దగ్గర, 19తో వచ్చినప్పుడు 893.2 దగ్గర హాయిగా కనిపిస్తుంది. శాంపిల్‌లో ఏముందో తెలియని వ్యక్తి కూడా లెక్క కట్టవచ్చు: 848.6లోంచి ప్రోటాన్ బరువు 1 తీసేసి, రెండు పీక్‌ల మధ్య తేడా 44.6తో భాగిస్తే 19 వస్తుంది. అదే పెద్ద పీక్ మీద ఉన్న ఆవేశాల సంఖ్య. ఇక 893.2లోంచి 1 తీసి 19తో గుణిస్తే అసలు బరువు చేతిలో ఉంటుంది.

లేచిన అయాన్లను వేరుచేసే విశ్లేషకాలు అనేకం. అన్నిటిలోకీ అర్థమవడానికి తేలికైనది కాలాన్ని కొలిచేది, టీవోఎఫ్ అంటారు. అయాన్లన్నిటికీ ఒకే తోపు ఇచ్చి ఖాళీ గొట్టంలో వదులుతారు. తేలికైనవి ముందు చేరతాయి, బరువైనవి వెనక. 20 వేల వోల్టుల తోపుతో 1000 డాల్టన్ల అయాన్ సెకనుకు దాదాపు 62 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగంతో హైదరాబాద్ నుంచి విజయవాడకు ఐదు సెకన్లు కూడా పట్టదు. మీటరు గొట్టాన్ని అది 16 మైక్రోసెకన్లలో దాటితే, నాలుగింతల బరువున్నది సరిగ్గా రెట్టింపు కాలం తీసుకుంటుంది. ఆస్పత్రుల మైక్రోబయాలజీ ల్యాబుల్లో ఈ గొట్టాన్ని మాల్డితో జతచేసి వాడుతున్నారు. గాజుపళ్లెంలో పెరిగిన బ్యాక్టీరియాను పుల్లతో కాస్త తీసి పలక మీద రాస్తే, దాని ప్రోటీన్ల వరసను బట్టి అది ఏ జాతిదో నిమిషాల్లో తేలుతుంది. పాత పద్ధతిలో దానికి ఒకటి రెండు రోజులు పట్టేది.

ఎక్కువ ల్యాబుల్లో పనిగుర్రం మాత్రం క్వాడ్రుపోల్. జర్మనీలో బాన్ నగరంలో వోల్ఫ్‌గాంగ్ పాల్ 1950ల్లో చేసినది. అతనికి 1989లో భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. నాలుగు లోహపు కడ్డీలు సమాంతరంగా ఉంటాయి. వాటి మీద స్థిరమైన వోల్టేజీ, దానికి తోడు సెకనుకు లక్షలసార్లు దిశ మారే వోల్టేజీ పెడతారు. కడ్డీల మధ్య అయాన్లు ఊగుతూ పోతాయి. ఆ క్షణాన పెట్టిన వోల్టేజీకి సరిపడే బరువున్న అయాన్ ఒక్కటే మరీ పక్కకు పోకుండా అవతలి కొస చేరుతుంది. మిగిలినవన్నీ కడ్డీలకు కొట్టుకుని ఆగిపోతాయి. వోల్టేజీని పెంచుకుంటూ పోతే ఒక్కో బరువూ వరసగా బయటికి వస్తుంది.

1978లో రిచర్డ్ యోస్ట్, క్రిస్టీ ఎంకే ఇలాంటివి మూడు వరసగా పెట్టారు. గుంటూరు మిర్చిని మళ్లీ చేతిలోకి తీసుకుంటే దీని సొగసు తెలుస్తుంది. కాప్సైసిన్ ఒక ప్రోటాన్ కలుపుకుని 306 దగ్గర వస్తుంది. మొదటి క్వాడ్రుపోల్ 306ను మాత్రమే వదులుతుంది. రెండోదాంట్లో పలుచని వాయువు ఉంటుంది. అయాన్ దానికి గుద్దుకుని విరుగుతుంది. మూడోది 137 ముక్కను మాత్రమే గ్రాహకానికి పంపుతుంది. 306గా వచ్చి, విరిగి 137 ఇచ్చేది, పైగా పదార్థాలను ముందే విడదీసే క్రోమటోగ్రఫీ గొట్టంలోంచి ఫలానా నిమిషంలో దిగేది మరొకటి ఉండడం చాలా అరుదు. మిర్చిలోనే ఉండే డైహైడ్రోకాప్సైసిన్ రెండు హైడ్రోజన్లు ఎక్కువున్నది కాబట్టి 308 దగ్గర వస్తుంది, విరిగితే అదీ 137 ఇస్తుంది. ముక్క ఒకటే కావడం వల్ల రెండూ చుట్టాలని తెలుస్తుంది. తల్లి అయాన్ వేరు కావడం వల్ల వేర్వేరని తెలుస్తుంది.

రంగు కల్తీ పట్టుకున్నదీ ఈ ఉపాయమే. 2003లో భారతదేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్-1 అనే పారిశ్రామిక రంగు ఉందని ఫ్రాన్స్ హెచ్చరించింది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారం వాడిన సాస్ కారణంగా వందలాది తయారీ ఆహారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచీ ఐరోపాకు వెళ్లే కారం పరీక్షలో ఆ రంగుకు గుర్తుగా 249 దగ్గర లేచే పీక్ కోసం వెతకడం మామూలైంది. కంటికి కల్తీ కారమూ, అసలు కారమూ ఎర్రగానే ఉంటాయి.

కొన్నిసార్లు పూర్ణాంకం చాలదు. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్, ఎథిలీన్ మూడింటి బరువూ 28. దగ్గరికి పోయి చూస్తే 27.995, 28.006, 28.031. ఆస్టన్ చూసిన ఆ తరుగే ఇక్కడ ఒక్కో అణువుకూ తన సొంత భిన్నాన్ని ఇస్తుంది. దాన్ని చదవగల యంత్రాలు ఇప్పుడున్నాయి. అలెగ్జాండర్ మకరోవ్ రూపొందించి 2005లో మార్కెట్లోకి వచ్చిన ఆర్బిట్రాప్‌లో అయాన్లు కదురు లాంటి లోహపు కడ్డీ చుట్టూ తిరుగుతూ, దాని పొడవునా ముందుకూ వెనక్కూ ఊగుతాయి. ఆ ఊగే లయను విని బరువును లెక్కకడతారు.

ఈ మూడో దశాంశం ఎంత పని చేస్తుందో హైదరాబాద్ మందుల పరిశ్రమకు బాగా తెలుసు. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమీన్ దొరికింది. అది క్యాన్సర్ కారకం కావచ్చు. రోజుకు 96 నానోగ్రాములకు మించకూడదని నియంత్రణ సంస్థలు హద్దు పెట్టాయి. 320 మిల్లీగ్రాముల మోతాదులో అంటే పది లక్షల పాళ్లకు 0.3 పాలు. ఇంత చిన్న పాలును వెతకడానికి ఎక్కువగా ఆధారపడేది మాస్ మీదే. 2020లో చక్కెర వ్యాధి మందు మెట్‌ఫార్మిన్ మీద ఒక ప్రైవేటు ల్యాబ్ ఎన్‌డీఎంఏ ఎక్కువగా ఉందని ప్రకటించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు అవే శాంపిళ్లను చూస్తే అంత లేదు. తేడా ఎక్కడుందంటే డీఎంఎఫ్ దగ్గర. మందుల ఫ్యాక్టరీల్లో డ్రమ్ముల కొద్దీ వాడే ద్రావణి అది. డీఎంఎఫ్ అయాన్ 74 దగ్గర వస్తుంది, కానీ దానిలో నైట్రోజన్-15 ఉన్న కొద్దిపాటి అణువులు 75.0571 దగ్గర పడతాయి. ఎన్‌డీఎంఏ అయాన్ ఉండేది 75.0553 దగ్గర. మధ్య ఎడం 0.0018 మాత్రమే. యంత్రాన్ని ఆ ఎడం విడదీసేంత పదునుగా పెట్టకపోతే ద్రావణి విషంలా కనిపిస్తుంది. కోట్లమంది రోజూ మింగే మాత్ర భవిష్యత్తు ఆ సన్నని ఎడం మీద నిలబడింది.

ఈ త్రాసుకు చూపు లేని చోట్లూ ఉన్నాయి. ప్రోటీన్లలో ఉండే ల్యూసిన్, ఐసోల్యూసిన్ ఒకే పరమాణువుల వేర్వేరు అమరికలు. ఎంత పదునైన యంత్రానికైనా రెండూ ఒకే బరువు. వాటిని ముందే క్రోమటోగ్రఫీతో విడదీయాలి. మరో ఇబ్బంది, పీక్ ఎత్తును చూసి పరిమాణం చెప్పలేం. సులువుగా ఆవేశం పుచ్చుకునే పదార్థం కొంచెమే ఉన్నా పెద్ద పీక్ ఇస్తుంది. అందుకే కొలవబోయే అణువునే, హైడ్రోజన్ల బదులు డ్యూటీరియం పెట్టి కాస్త బరువెక్కించి, తెలిసిన మోతాదులో కలిపి, రెండిటినీ పక్కపక్కన పోల్చి చూస్తారు. పసికందుల పరీక్షలో ఇదే జరుగుతుంది. మడమ నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలోంచి 166 బరువుతో వచ్చి 120గా విరిగే ఫెనైల్‌అలనైన్‌ను కొలుస్తారు. అది మితిమీరి ఉంటే బిడ్డకు పీకేయూ అనే జన్యులోపం ఉండే అవకాశం ఉంది. మొదటి వారాల్లోనే ఆహారం మార్చగలిగితే మెదడు దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు. రెండు నిమిషాల ఒక్క రన్‌లో ఇలాంటి డజన్లకొద్దీ రుగ్మతలను వెతకవచ్చు.

హైదరాబాద్‌లో ఈ విద్యకు గట్టి పునాదే ఉంది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో మాస్ స్పెక్ట్రోమెట్రీ జాతీయ కేంద్రం ఉంది. దానికి దగ్గరలోనే జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ ప్రోటీన్లను చదువుతుంది, భూభౌతిక సంస్థ ఎన్‌జీఆర్ఐ రాళ్ల వయసు లెక్కకడుతుంది. రాళ్ల వయసు కూడా బరువుల పాళ్లలోనే దాగి ఉంటుంది. జిర్కాన్ స్ఫటికంలో చిక్కుకున్న యురేనియం-238 సీసం-206గా మారుతూ పోతుంది. సగం మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు. రెండిటి పాళ్లు కొలిస్తే స్ఫటికం ఎప్పుడు పుట్టిందో చెప్పవచ్చు.

శ్రీహరికోట నుంచి లేచిన మాస్ స్పెక్ట్రోమీటర్లూ ఉన్నాయి. చంద్రయాన్-1 మోసుకెళ్లిన మూన్ ఇంపాక్ట్ ప్రోబ్‌లో చేస్ అనే చిన్న క్వాడ్రుపోల్ ఉండేది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో తయారైంది. 2008 నవంబరు 14న ఆ ప్రోబ్ చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగుతూ, పాతిక నిమిషాల సేపు దారిలో తగిలిన వాయువులను తూచుతూ పోయి నేలను గుద్దుకుంది. 18 దగ్గర పీక్ లేచింది. నీటి బరువు 18. అయితే ఈ పని తెలిసినవారెవరూ ఆ పీక్‌ను వెంటనే నమ్మరు. భూమి మీద తయారైన ప్రతి పరికరం గోడలకూ నీటి ఆవిరి అంటుకుని ఉంటుంది, శూన్యంలో మెల్లగా ఊడుతుంది. ఎత్తు తగ్గేకొద్దీ, అక్షాంశం మారేకొద్దీ ఆ పీక్ ఎలా మారిందో విడదీసి చూస్తే తప్ప ఇంట్లో తడి ఏదో, చంద్రుడి తడి ఏదో చెప్పలేం. తిరువనంతపురం బృందం ఆ వడపోత ముగించి 2010లో ఫలితాలను ప్రచురించింది. చంద్రయాన్-2లో వెళ్లిన చేస్-2 చంద్రుడి చుట్టూ ఆర్గాన్-40ను చూసింది. మంగళయాన్‌లో వెళ్లిన మెంకా అంగారకుడి పైపొర వాయువులను తూచింది.

ఇప్పుడు ఈ త్రాసు మీదికి ఎక్కుతున్నవి వైరస్‌లు. ఇంత పెద్దవాటి మీద ఆవేశాలు వందకు పైగా ఉంటాయి, పీక్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పాత లెక్క పనిచేయదు. దానికి ఒక్కో అయాన్‌ను విడిగా పట్టి, దాని బరువు-ఆవేశ నిష్పత్తినీ, ఆవేశాన్నీ రెండిటినీ ఒకేసారి కొలిచే యంత్రాలు వచ్చాయి. జన్యు చికిత్సలో మందును కణాల్లోకి మోసుకెళ్లే ఏఏవీ వైరస్ తొడుగు ఖాళీగా ఉంటే దాదాపు 37 లక్షల డాల్టన్లు. లోపల జన్యువు పూర్తిగా నిండి ఉంటే 50 లక్షల దాకా. తయారీలో కొన్ని నిండుతాయి, కొన్ని ఖాళీగా పోతాయి, కొన్ని సగంలో ఆగుతాయి. సీసా రోగి దగ్గరికి వెళ్లేముందు వాటిని ఒక్కొక్కటిగా తూచి, ఎన్నిటిలో మందుందో, ఎన్ని వట్టి తొడుగులో లెక్కపెట్టి చెబుతున్నారు.